ఎందరో తెలిసిపోయిన పండుగ

గావ్రా చేపలు అమ్మేటప్పుడు ధర మాట చివరికి గాని ఎత్తడు. "బల్ల దగ్గర ఎంతమంది కూర్చుంటారు?" అన్నది అతని మొదటి ప్రశ్న. తిసా నదికి దాపున, బానాత్ పల్లెల నడుమ, ముప్పైయొక్క ఏళ్ళుగా ఆ చెరువుగట్టున నిలబడి అతడు ఆ ప్రశ్నే అడుగుతూ వచ్చాడు. ఇన్నేళ్ళలో దానికి సరైన జవాబు చెప్పినవారు ఒక్కరూ లేరు. చెప్పడం సాధ్యమూ కాదు. ఇంటిని కాచే పునీతుని పండుగకు అక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు. పిలవడం మర్యాద కాదు. తెలిసినవాడు తనంత తానే వస్తాడు. వాకిలి తెరిచి ఉంటుంది. వచ్చినవాడు ఆకలితో వెనుదిరిగితే ఆ ఇంటికి ఏడాది పొడుగునా ఆ మచ్చ పోదు.

గావ్రా ఇంటితో సహా ఆ పల్లెలలో చాలా ఇళ్ళకు పునీతుడు నికోలా. డిసెంబరు పందొమ్మిదిన వచ్చే అతని పండుగ ఉపవాసపు రోజులలో పడుతుంది. మాంసమూ పాలూ ముట్టరు, చేప మాత్రం చెల్లుతుంది. చేప అంటే ఆ పల్లెలలో బంగారుతీగ రకమే. అందుచేత గావ్రా ప్రశ్నకు, "ఎవరికి తెలుసు బాబాయ్? పిలిస్తే కదా లెక్క తెలిసేది! పెద్దవి చూసి ఓ ఎనిమిది సంచిలో వెయ్యి" అన్నదే ఏటేటా వినవచ్చే మాట. ఆ తెలియనితనం మీదనే అతని బతుకు నిలిచింది. అతడు వలబుట్ట ఎత్తి, అరచేతిని చేప పొట్ట కింద ఆనించి బరువు చెప్పేవాడు. కాటా మీద పెడితే తేడా గుప్పెడు గోధుమలంత ఉంటే గొప్ప.

ఆ ఏడు మార్చిలో మహమ్మారి వచ్చింది. అక్టోబరులో ఎప్పటిలాగే గావ్రా పెద్దచెరువు నీరు తీసివేసి, ఎదిగిన చేపలను చలిగుంటలోకి మార్చాడు. ఆ గుంట ఇరుకు, లోతు ఎక్కువ. చలికాలంలో చేప మేత మాని అడుగున పడి ఉంటుంది. పండుగ అమ్మకం జరిగే వరకు ఎలాగో ఇముడుతుందన్న ధైర్యంతో అందులో పది టన్నులు కుక్కాడు. ఎండిన పెద్దచెరువు అడుగున నేల సారం కోసం గోధుమ జాతి రై గింజలు చల్లాడు. మార్చిలో అక్కడ మళ్ళీ నీరు పెట్టి పిల్లచేపలను వదలడం ఏటేటి పద్ధతి.

ఓస్తోయా ఆ రోజులలోనే గట్టుకు వచ్చాడు. అతడు గావ్రా పెళ్ళికి సాక్షిగా నిలిచినవాడు, అతని పిల్లలకు బాప్తిస్మమప్పుడు పూచీపడిన జ్ఞానతండ్రి. ఆ బంధుత్వాన్ని వాళ్ళు కూమ్ అంటారు, తోబుట్టువు కంటె ఒక మెట్టు ఎక్కువగా చూసుకుంటారు. నది ఒడ్డున అతని చేపల హోటల్ ఆ ఏడు తెరిచిన రోజుల కంటె మూసిన రోజులే ఎక్కువ.

"కూమే, సగం అమ్మెయ్యి. ఐసు ఫ్యాక్టరీ వాడు సగం ధరకైనా తీసుకుంటున్నాడు."

"నీ హోటల్ని మూశారంటే దానికి తాళం ఉంది కాబట్టి. నికోలా పండుగని ఎవడు మూస్తాడోయ్? పిలిచినవాణ్ణయితే రావద్దనచ్చు. పిలవనివాణ్ణి ఏమని ఆపుతారు?"

"నువ్వు చేపల రైతువో ఊరి పాదిరీవో నాకింతవరకూ అంతుబట్టలేదు" అని ఓస్తోయా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

డిసెంబరు పదిహేడున తెల్లవారేసరికి కొనవచ్చినవాళ్ళ వరుస గట్టు మీదినుండి రోడ్డు వరకు సాగి ఉంది. మూతులకు గుడ్డలు, మనిషికీ మనిషికీ రెండు బారల ఎడం. ఆ ఎడం వల్ల వరుస మునుపటికంటె పొడుగుగా కనిపించింది. గావ్రా టోపీ తీసి సిలువ గుర్తు వేసుకున్నాడు. ముందు నిలబడ్డవాడు ట్రాక్టర్లు బాగుచేసే వెసెలిన్.

"ఎంతమందిరా?"

"నలుగురం బాబాయ్."

గావ్రా నవ్వాడు. "నలుగురేమిట్రా? పోయినేడు చాలక పెరట్లో కూడా బల్లలు వేశావు!"

"పోయినేడు పోయింది. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. గుమిగూడొద్దన్నారుగా. ఒక్కటియ్యి, కిలోన్నరది."

వేళాకోళమాడుతున్నాడేమోనని గావ్రా అతని కళ్ళలోకి చూశాడు. గుడ్డపైన కనిపిస్తున్న ఆ కళ్ళలో నవ్వు లేదు. వెనుకనున్నామె ముగ్గురమంది. ఆ వెనుక నల్లశాలువా కప్పుకున్న ముసలావిడ, "ఒక్కదాన్నే నాయనా. సగం కోసిస్తావా?" అని అడిగింది. పండుగ చేపను సగానికి కోయమన్న మాట ముప్పైయొక్క ఏళ్ళలో అతని చెవిని సోకలేదు. అతడు చిన్న చేప ఒకటి ఆమె సంచిలో వేసి, డబ్బు అడగడమే మరిచిపోయాడు. వరుసలో రావలసినవాళ్ళందరూ వచ్చారు. ఒక్క ఇల్లూ మానలేదు. ప్రతివారి నోటా ఒక అంకె ఉంది. మరునాటి పొద్దు గూకేసరికి పది టన్నులలో రెండు మాత్రమే కదిలాయి.

ఇంట్లో భార్య స్పసేనియా టెలిఫోను పట్టుకొని కన్నీరు తుడుచుకుంటున్నది. "మా అన్నయ్యకి చెప్పలేక చచ్చాను గావ్రా. రమ్మని ఎన్నడూ అనలేదు, రావొద్దని ఏ నోటితో అనను? 'సరేలేమ్మా' అని పెట్టేశాడు. 'లేమ్మా' అన్నాడు చూశావా, అదే పొడిచింది."

గావ్రా కుర్చీలో కూలబడి, తన మాట తనకే కొత్తగా తోచినట్లు, "పండుగ ఆగలేదు స్పసా. ఉన్నదంతా ఉంది. చుట్టాలే లేరు" అన్నాడు.

పండుగనాటి వేకువన చలి కొరికింది. పెద్దవాళ్ళయిన పిల్లలు దూరాన ఉన్నారు, ఇంటిల్లిపాదీ అంటే ఇద్దరే. కొవ్వొత్తి వెలిగించి, ప్రార్థన చదివి, పండుగరొట్టె మీద ద్రాక్షసారాయి చిలకరించారు. ఆ వెంటనే గావ్రా గొడ్డలి తీసుకొని గుంటకు పరుగెత్తాడు. మంచుపొర పగలగొట్టి లోపలికి తొంగిచూశాడు. అడుగున నిద్రలో ఉండవలసిన చేపలు పైకి వచ్చి, కన్నం చుట్టూ వందలకొద్దీ నోళ్ళు తెరిచి, నామజపం చేస్తున్నట్లు పెదవులాడిస్తున్నాయి. ఎనిమిది టన్నుల ప్రాణాలకు ఆ ఇరుకులో ఊపిరి చాలడం లేదు. వారం దాటితే ఒక్కటీ మిగలదు.

"పండుగ శుభమోయ్ కూమే!" ఓస్తోయా గొంతు. మూడు బారల దూరంలో ఆగాడు. "లోపలికి రాను, పలకరించి పోతాను. ఎక్కడికా పరుగు?"

"కాలవ తలుపుకి. ఐసు ఫ్యాక్టరీ వాడు ఇప్పుడు చోటు లేదంటున్నాడు. పెద్దచెరువు నింపుతాను. రెండు రోజుల్లో వీటిని అందులోకి మారుస్తాను."

"నింపితే మార్చిలో పిల్లచేపలెక్కడ వేస్తావు?"

"వెయ్యను."

"అంటే ఇవే ఇంకో ఏడాది తిని కూర్చుంటాయి. వచ్చే డిసెంబరుకి తలా నాలుగు కిలోలు. అప్పటికీ జనం ఇలాగే ఉంటే? కిలోన్నర అడిగేవాడికి నాలుగు కిలోలది ఎలా అంటగడతావయ్యా?"

గావ్రా గుంట పక్కనే ఉన్న కాలవ తలుపు చేరి, ఒకదానిపై ఒకటి పేర్చిన పలకలలో పైదాని మీద చెయ్యి వేశాడు. ఆ సంగతి అతనికి తట్టనే లేదు. చేప బరువెక్కడమంటే దైవం కరుణించడమని తండ్రి నేర్పాడు. తానూ జీవితమంతా అదే నమ్మాడు. ఎదుగుదలే నష్టమయ్యే రోజు ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. కన్నం దగ్గర ఒక పెద్ద చేప పక్కకు ఒరిగి తెల్లపొట్ట చూపింది.

గావ్రా పలకను పైకి గుంజాడు. మొదటిది ఊడింది. రెండవది మంచుకు బిగుసుకొని, ఎంత గుంజినా కదలలేదు.

"తప్పుకో, నీ ఒక్కడి వల్ల కాదు" అంటూ ఓస్తోయా ఆ మూడు బారల దూరమూ దాటి వచ్చి రెండవ అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ భుజం భుజం ఆనించి లాగారు. కాలవ నీరు గట్టిపడ్డ బురద మీదికి దూకి, జానెడెత్తు ఎదిగిన పచ్చని రై మొలకలను తడుపుతూ ముందుకు పాకింది.