నాన్న మీద మొలిచిన వయ్యారిభామ

ఈ కలుపు మొక్కకి వయ్యారిభామ అని పేరు పెట్టినవాడెవడో గానీ, ఒక్కసారన్నా చేత్తో పీకి ఉండడు. ముట్టుకుంటే దద్దుర్లు, పూత గాలి తగిలితే ఆయాసం. ఎక్కడో సముద్రాల అవతల నుంచి గోధుమల్లో కలిసి వచ్చిందంటారు. వచ్చింది ఊరుకోకుండా తెనాలిలో మా ఖబరస్తాన్‌లో కాపురం పెట్టింది.

నేను రేపల్లెలో టైలర్ని, అమ్మ ఉండేది తెనాలిలోనే. నాన్న చనిపోయిన ఏడాదే, పెద్దల సమాధుల దగ్గర దువా చేసే షబే బరాత్ రాత్రికి ముందు, సమాధి బాగు చేద్దామని వెళ్తే ఆయన మట్టిదిబ్బ మీద నాలుగు మొక్కలు లేచి ఉన్నాయి. మా ఇళ్లల్లో ఆడవాళ్లు అక్కడికి వెళ్లరు, అందుకని ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"పూసిందా?" అంది.

"తెల్లగా, కొత్తిమీర పూతలా ఉందమ్మా. రేపెళ్లి పీకేస్తా."

"పీకమాక. పచ్చగా ఉన్నంతకాలం అది అల్లాని తలుచుకుంటూ ఉంటుంది. ఆ పుణ్యం మీ నాన్నకే కదా."

"కలుపు మొక్కమ్మా అది."

"కలుపని మనం అంటాం. దానికేం తెలుసు?"

అలాగే వదిలేశాను. మా పేటలో అందరి ఇళ్లల్లోనూ ఇదే మాట, ఎవరూ పీకలేదు. ఏటా వానలకి దిబ్బలు కుంగాయి, ఆ మొక్క మాత్రం నడుం దాకా లేచింది. మావాళ్లు పేరు చెక్కిన రాళ్లు పెట్టరు. అమ్మ మాత్రం నేను వెళ్లినప్పుడల్లా ఒకటే అడిగేది, "నన్ను మీ నాన్న పక్కనే పెట్టు, మర్చిపోమాక."

పోయినేడు వానల్లో అమ్మ పోయింది. గొయ్యి తవ్వే చాచాని వెంటబెట్టుకుని వెళ్లాను.

"మీ నాన్న ఎక్కడ బాబూ?" అన్నాడు.

గోడ దగ్గర అని గుర్తు. గోడ పొడుగూతా ఒకటే పచ్చ. కొడవలి తీసుకుని పిచ్చిపట్టినట్టు నరికాను. కింద నేలంతా చదునుగా ఉంది. చేతులు మండుతున్నాయి, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అవతల ఇంటి దగ్గర అమ్మ జనాజా బయల్దేరే వేళైంది. చివరికి ఒకచోట కాస్త ఎత్తుగా అనిపిస్తే, దాని పక్కన చూపించి "ఇక్కడే చాచా" అన్నాను. ఆయన నా మొహం చూసి పార అందుకున్నాడు.

మొన్న మళ్లీ వెళ్లాను. అమ్మ మీద ఒక మొక్క లేచింది, లేతగా, పచ్చగా. వేళ్లతో సహా పీకేశాను. నీకోసం నేను తలుచుకుంటాలే అమ్మా అని అక్కడే కూర్చుని ఫాతిహా చదివాను. పక్కనున్నది ఎవరో గానీ, వాళ్లకీ ఒకటి చదివాను. నాన్నే అయితే బాగుండు.