నడుము వంచని తోట

పెనుకొండలో మేము కొన్న ఇల్లు కొండ వాలులో ఉంది. ముందు వైపు రోడ్డుకు సమానంగానే ఉంటుంది కానీ, వెనక తలుపు తీస్తే నేల జారుతూ కిందికి దిగిపోతుంది. ఆ వాలు చివర ప్రహరీ గోడ, గోడకు అవతల ఒక రైతు కుటుంబం. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు అందరూ గదులు, గోడలు చూస్తుంటే నేను ఆ పెరటి గడప మీద నిలబడి మురిసిపోయాను. అంతకు ముందు పదిహేనేళ్లు హిందూపురంలో అద్దె ఇళ్లలో, నాలుగు కుండీలకు కూడా చోటు లేని మేడ గదుల్లో ఉన్నదాన్ని. "ఇంత జాగా మనదేనా?" అని మా ఆయన్ని రెండుసార్లు అడిగాను.

నేను హైస్కూల్లో టీచర్ని. మా ఆయనకు ఊళ్లో చిన్న బట్టల కొట్టు. ఇద్దరికీ మొక్కల గురించి తెలిసింది తక్కువ. ఫోన్లో వీడియోలు చూసి, పచ్చగా పరిచినట్టుండే గడ్డి పలకలను బెంగళూరు నుంచి తెప్పించి వాలు మీద పరిపించాను. మాఘమాసంలో అది చూడముచ్చటగా ఉండేది. ఎండలు ముదిరేసరికి ఎంత నీళ్లు పోసినా గోనెసంచి రంగుకు వచ్చింది. వేసవి సెలవుల చివరికి చేత్తో పట్టి లాగితే పాత దుప్పటిలా లేచి వచ్చేది.

మిగిలిన చోట్లూ అంతే. ఇంటి పక్కనున్న వేపచెట్టు కింద ఏం పెట్టినా నెల తిరక్కుండానే ఎండిపోయేది. నీళ్ల ట్యాంకు నిండి కారే మూల మాత్రం ఏడాదంతా బురద. అక్కడ పెట్టిన బంతి నారు కుళ్లిపోయింది.

ఆ ఏడాది దసరా సెలవుల తర్వాత మూడు రోజులు ఆగకుండా వాన పడింది. నాలుగో రోజు పొద్దున గోడ అవతలి నుంచి కేక వినిపించింది. ఆ ఇంటి పెద్దావిడ, నేను అవ్వా అని పిలుస్తాను, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి.

"ఏం టీచరమ్మా, రవంత ఈడికొచ్చి చూడు."

వెళ్లి చూశాను. మా వాలు మీది ఎర్రమట్టి గోడకున్న తూములోంచి వాళ్ల వాకిట్లోకి పారి, వసారాలో పోసిన వేరుశనగ కాయల కుప్పలో సగాన్ని ముంచేసింది.

"మీ మట్టంతా మా చెనక్కాయల మిందికొచ్చుండాది. ఇప్పుడు దీన్ని ఎవురు కడగాల?"

తప్పు నాదేనని తెలుస్తూనే ఉంది. అయినా, "వానొస్తే నేనేం చేసేది అవ్వా?" అనేశాను. ఆమె నా ముఖం వంక ఒకసారి చూసి, కొంగు దోపుకుని కాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పది రోజులు గోడకు ఆ పక్క మాట లేదు, ఈ పక్కా మాట లేదు.

నా మాట నాకే గుచ్చుకుంటూ ఉండింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. దానికి బదులు, గోడ దగ్గర పేరుకున్న మట్టిని మళ్లీ పైకి మోసి పోస్తే సరిపోతుందనుకున్నాను. రోజూ బడి నుంచి వచ్చాక తట్టతో మోశాను. నాలుగో రోజు తట్ట ఎత్తబోతుంటే నడుములో ఏదో పుటుక్కుమంది. నిలబడలేకపోయాను, కూర్చోలేకపోయాను. కొట్టు నుంచి మా ఆయన పరుగెత్తుకొచ్చి హిందూపురం తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మూడు వారాలు పడుకోమంది. ఆ తర్వాత కూడా నేల మీదికి వంగే పనులు మానుకోమంది.

"కలుపు తీయడం?" అని అడిగాను.

"అదే మొదట మానుకోవాల్సింది," అంది.

ఇంటికొచ్చి వెనక వరండాలో మంచం వేయించుకుని పడుకున్నాను. ఎదురుగా ఆ బోడి వాలు. అది చూస్తే ఏడుపు వచ్చేది. మా ఆయన నా బాధ చూడలేక, "తోట లేకపోతే ఏంలే. అంతా సిమెంట్ చేయించేద్దాం. ఊడ్చుకునేదానికి సుళువుగా ఉంటాది," అన్నాడు. మేస్త్రీని పిలిపించి కొలతలు కూడా తీయించాడు.

మరునాడు మధ్యాహ్నం అవ్వ వచ్చింది, చేతిలో గిన్నెతో. గిన్నెలో వేడి ఉలవకట్టు.

"నడుము పట్టేసిందంట గదా. ఇది తాగు. మేస్త్రీ వచ్చి కొలుచుకొని పోయినాడంట?"

"ఊ. సిమెంట్ వేయిస్తాండాం అవ్వా."

"సిమెంటేస్తే నీళ్లు యాడికి పోతాయి? ఇంగా జోరుగా మా ఇంట్లోకే గదా వచ్చేది!"

ఆమె నవ్వింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది అవ్వా అన్నాను. "ఆ వాన నీకు చెప్పి వచ్చిందా? తాగు, చల్లారిపోతాది," అంది. అంతే. పది రోజులుగా నేను మోస్తున్న బరువు అంత తేలిగ్గా దిగిపోయింది.

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె వాలు వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత మంచం పక్కనుంచి కదలకుండానే నాకు మొదటి పాఠం చెప్పింది.

"నువ్వు మొక్కను చూసి తెచ్చి, దానికి జాగా ఎతుకుతాండావు. ముందు జాగాను చూడు. ఎండ యాడ ఎంతసేపుంటాదో, నీళ్లు ఎట్ల పోతాండాయో చూడు. ఎట్లా పడుకోనే ఉండావు, ఇంగేం పని నీకు?"

నిజమే, నాకు వేరే పని లేదు. పాఠ్యప్రణాళిక రాసుకునే నోట్సు తెప్పించుకుని రాయడం మొదలుపెట్టాను. వాలు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. వేప కింద మధ్యాహ్నం ఒక గంట మాత్రం చుక్కలు చుక్కలుగా ఎండ, మిగతా వేళంతా పొడి నీడ. ట్యాంకు మూల పొద్దుటి ఎండ, ఎప్పుడూ తడి. నేను పెట్టినవి చచ్చినచోట వాటంతట అవే ఏవి బతికాయో కూడా అప్పుడే కళ్లబడింది. వాలు మధ్యలో రెండు రాళ్ల సందున గరిక, ఎవరూ నీళ్లు పోయకుండానే పచ్చగా ఉంది. దాన్ని నేనే ఎన్నిసార్లు పీకి పారేశానో!

వాలు సంగతి అవ్వే చూసింది. మా ఆయన చేత వాలుకు అడ్డంగా మూడు వరసలు రాళ్లు పేర్పించింది. రాళ్ల వెంట వట్టివేరు దుబ్బులు పెట్టించింది. మధ్యలో తన చేలోంచి తెచ్చిన గెనుసుగడ్డ, అంటే చిలగడదుంప తీగలను జానెడు ముక్కలుగా కోసి గుచ్చింది. "తీగ తొందరగా పారి మట్టిని కప్పుతాది. దాని కిందనే గరిక అల్లుకుంటాది. గరికను మాత్రం ఇంగ పీకద్దు," అని నాకు, "గడ్డలు తవ్వద్దప్పా, తవ్వితే మట్టి గుల్లయి మళ్ళా జారుతాది," అని మా ఆయనకు చెప్పింది. నేను కుర్చీలో కూర్చుని చూశాను. ఆ వయసులో ఆమె వంగి ఒక్కొక్క ముక్కనూ గుచ్చుతుంటే సిగ్గేసింది. వద్దంటే వినలేదు.

వేపచెట్టు నీడకు మందు ధర్మవరంలో దొరికింది. నడుము కాస్త కుదుటపడ్డాక మా చిన్నమ్మను చూడటానికి రైల్లో వెళ్లాను. వాళ్లది మగ్గం ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక వంటగది, పక్కింటి గోడకూ వీళ్ల గోడకూ మధ్య మూరెడు సందు. ఎండ పడని ఆ సందులో మందపాటి ఆకులతో వామాకు మోకాలెత్తున కమ్ముకుని ఉంది. దానికి నీళ్లు ఎవరు పోస్తారని అడిగాను.

"నీళ్లా? పోసిందెప్పుడో గుర్తే లేదు," అంది చిన్నమ్మ. "ఎక్కువ పోస్తే కుళ్లుతాది. తుంచి గుచ్చితే చాలు. దగ్గొచ్చినప్పుడు రెండాకులు నములుకుంటా. యాలమ్మీ, నీకు కావాల్నా?"

పట్టుచీర కొన్నవాళ్లకు ఇచ్చే పెద్ద సంచీ నిండా కొమ్మలు తుంచి ఇచ్చింది. మా ఆయన వాటిని వేప కింద గుచ్చాడు. రాలిన ఆకులను ఊడ్చేయకుండా వాటి మొదళ్లలోనే వదిలేశాం. మొదటి నెల వాడినట్టు కనిపించాయి. తర్వాత పక్క కొమ్మలు వేశాయి.

బురద మూలకు మాత్రం హిందూపురం నర్సరీకి వెళ్లాను. నడిపేది మడకశిర వైపు నుంచి వచ్చిన ఒకామె. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే మనిషి. అలవాటు చొప్పున నా చూపు మళ్లీ గడ్డి పలకల మీదికి పోయింది. "అది నీకు బేడమ్మా, వద్దు," అంది. "నీళ్లు పోసేదానికే ఒక మనిషి కావాల. దుడ్లు వేస్ట్." నా మూల ఎలా ఉంటుందో చెబితే, నేల మీద పాకే గుండ్రటి ఆకుల మొక్క ఒకటి చూపించింది. "ఒందెలగ. మీరు సరస్వతాకు అంటారు. తడి ఉంటే చాలు, మిగతాది అదే చూసుకుంటది."

అక్కడే పసుపు పూల తీగ ఒకటి నచ్చింది. ఆమె వద్దని చెప్పినా దాన్నీ తెచ్చి, రెండింటినీ మా ఆయన చేత నాటించాను. రెండు నెలల్లో అది ట్యాంకు మూల దాటి, తూములోంచి దూరి అవ్వ వాకిట్లోకి పాకింది. ఈసారి కేక వేయకముందే నేనే వెళ్లి చెప్పాను. మా ఆయన రెండు ఆదివారాలు కూర్చుని దాన్ని వేళ్లతో సహా పీకాడు. సరస్వతాకు ఒక్కటే అక్కడ మిగిలింది. అది ఇప్పుడు మూలంతా గుండ్రటి ఆకులతో నిండి, బురద కనిపించకుండా చేసింది. వారానికోసారి దాంతో పచ్చడి చేస్తాను.

మరుసటి ఏడు ఎండాకాలంలో గెనుసు తీగ సగం ఎండింది. వారానికి రెండుసార్లు పైపుతో తడిపాం, అంతే. జూన్ చినుకులకు మళ్లీ చిగిర్చింది. ఒక రోజు మా ఆయన ఆశ ఆపుకోలేక గోడ పక్కన ఒక్క గడ్డ తవ్వాడు. "ఏమప్పా, ఆడ మట్టి లేసుండాది?" అని అవ్వ ఆ సాయంత్రమే పట్టేసింది. దొంగతనంగా తవ్విన గడ్డను ఉడికించి ఆమెకే సగం ఇచ్చాడు.

ఆ ఏడాది కూడా పెద్ద వాన వచ్చింది. రెండు రోజులు కిటికీ దగ్గరే నిలబడ్డాను. నీళ్లు వాలు మీద తీగల కింద నుంచి, రాళ్ల వరసల దగ్గర ఆగి ఆగి దిగాయి. వాన వెలిశాక చెప్పులు వేసుకుని అవ్వ ఇంటికి పరుగెత్తాను. తూము దగ్గర పారుతున్నవి నీళ్లే, మట్టి కాదు. అవ్వ దోసిట్లోకి పట్టి చూపించింది.

ఇప్పటికీ నేను వంగలేను. వంగాల్సిన పనీ లేదు. పొద్దున కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుంటే వాలంతా ఆకు. బడిలో ఎంత విసుగు పుట్టిన రోజైనా ఆ పచ్చదనం చూస్తే మనసు చల్లబడుతుంది. సిమెంట్ వేయించి ఉంటే ఈ పాటికి దాని మీద ఎండ కాగుతూ ఉండేది. ఇందులో నేను ఒక్క మొక్కా నాటలేదు. అవ్వ గుచ్చింది, చిన్నమ్మ తుంచి ఇచ్చింది, నర్సరీ ఆమె నా మొండితనానికి అడ్డం చెప్పింది, మా ఆయన రాళ్లు మోశాడు. తోట నాదని చెప్పుకుంటున్నాను కానీ, అందులో నాది చూడటం ఒక్కటే.

ఈ మాట మొన్న అవ్వతో అన్నాను. నీ రుణం తీర్చుకోలేనిది అవ్వా అని కూడా అన్నాను. ఆమె వినిపించుకున్నట్టే లేదు. కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మా ముందు గేటు వైపు చూసింది.

"ఆ గేటు పక్కన అంత జాగా ఉట్టిగా పడుండాది. ఆడ ఎండ ఎంతసేపుంటాది, చూసినావా?"

చూడలేదని ఒప్పుకున్నాను. పొద్దున్నే నోట్సు, కుర్చీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాలి.