క్రోమియం ఉక్కులో బుడగలు

రామగుండం దగ్గర ఒక చిన్న ఫౌండ్రీల నేను నౌకరికి చేరి అప్పటికి మూడు నెలలు. బొగ్గుబాయిల నీళ్లు తోడే పంపులకు రెక్కల చక్రాలు పోసిచ్చుడు మా పని. బాయి నీళ్లు మామూలు ఉక్కును జల్ది తినేస్తున్నయని, ఈసారి క్రోమియం ఎక్కువున్న ఉక్కుతోని కావాలన్నరు బొగ్గుబాయోళ్లు.

కొలిమి కాడ పెద్దమనిషిని అందరం కాక అనేటోళ్లం. కరిగిన ఉక్కు రంగు చూసే, పొయ్యొచ్చా లేదా చెప్పేటోడు.

మొదటిసారి పోసిన చక్రాలను లేత్ మిషన్ మీద చెక్కితే లోపల సూదిమొనలంత రంధ్రాలు. ఇసుక అచ్చులల్ల తడి ఉందనుకొని కాక వాటిని మళ్ల ఎండబెట్టిచ్చిండు. ఖరాబైన చక్రాలను పారేసుడెందుకని తిరిగి కరిగిచ్చి పోసిండు. రంధ్రాలు పెరిగినయి. మూడోసారి ఇంకా పెరిగినయి.

"ఇదే కొలిమి, ఇదే ఇసుక. మామూలు ఉక్కుకు ఎన్నడన్న గిట్లయిందా బిడ్డా?" అని నన్నడిగిండు.

ఆ మాటతోనే నాకు తట్టింది. డిప్లొమాల ఒక జవాబు బట్టీ పట్టిన: కరిగిన ఉక్కుల క్రోమియం, మాంగనీసు ఉంటే నైట్రోజన్ ఎక్కువ ఇముడుతది, కార్బన్, సిలికాన్ ఉంటే తక్కువ. రాసి మార్కులు తెచ్చుకున్న గని, దాన్ని కండ్లతోని చూస్తననుకోలే.

"కాకా, తడి కాదు. గాలిలున్న నైట్రోజన్. క్రోమియం కలిస్తే ఉక్కు దాన్ని మస్తు పీల్చుకుంటది. గడ్డకట్టేటప్పుడు అంత ఇమడక బుడగలైతది. మనం ఖరాబైనయే మళ్ల కరిగిస్తున్నం. పాతది కొంత అండ్లనే ఉంటది, కొత్తది వచ్చి కలుస్తది."

"అంటే నేనే పెంచినన్నట్టు," అన్నడు కాక.

"నేను గూడ పక్కనే నిలవడి చూసిన కద."

మర్నాడు పొద్దుగాల పాత చక్రాలు పక్కకు పెట్టినం. కొత్త తుక్కు కరిగిచ్చి, క్రోమియం ఆఖరుకు కలిపినం. గాలి తగలకుండ కొలిమి మీద మూత తియ్యలే. పోసే ముందు చిటికెడంత టైటానియం వేసినం. అది నైట్రోజన్‌ను పట్టుకొని బుడగ కట్టనియ్యదు. కరిగినంక ఆగకుండ పోసినం. మూత తీసి తొంగి చూడబోయినోళ్లను కాక గట్టిగనే తిట్టిండు.

చక్రం లేత్ మీదికెక్కిన రోజు కాక అద్దాలు పెట్టుకొని వచ్చిండు. చెక్కిన చోటల్ల బొటనవేలి గోరుతోని గీకి చూసిండు. అంచు మీద ఒక్క రంధ్రం దొరికింది. "ఇంకొంచెం చెక్కితే ఇది పోతది" అని నవ్విండు. నిజంగనే పోయింది.

ఆ తర్వాత చాయ్ తాగేటప్పుడు రోజుకొక లోహం గురించి అడుగుడు మొదలుపెట్టిండు. నాకు తెల్వనియి ఇంటికి పోయి పాత పుస్తకంల వెతికేదాన్ని. ఆయన షెడ్డు తలుపు మీద సుద్దతోని, ఉక్కుల నైట్రోజన్ ఇముడుడు 'పెంచేటియి', 'తగ్గిచ్చేటియి' అని రాసుకున్నడు.

"మరి నికెల్?" అన్నడు ఒకరోజు.

"తగ్గిస్తది కాకా."

"మంచిదే," అని లేచి పోయి రాసిండు.