బావ మళ్లీ పుట్టాడన్న ఇంటికి: నిమ్‌పురాలో ఒక పగలు

మా బావ గుండెపోటుతో పోయి ఐదేళ్లయింది. ఈ శ్రావణంలో మా అక్క సుజాతకి మళ్లీ పెళ్లి. తను పనిచేసే స్కూల్లోనే లెక్కలు చెప్పే మాస్టారు, నెమ్మదైన మనిషి. నిశ్చయం అయిపోయింది, బట్టలు కొనేశాం. సరిగ్గా అప్పుడే ఖరగ్‌పూర్ నుంచి అక్క అత్తగారు ఫోన్ చేసింది, తన కొడుకు రాజు మళ్లీ పుట్టాడని. ఆవిడ అదే ఊళ్లో న్యూ సెటిల్‌మెంట్‌లో సోదె చెప్పే ఒకామె దగ్గరికి వెళ్లిందట. నీ కొడుకు నీ పిలుపు అందే దూరంలోనే ఆడపిల్లై పుట్టాడని ఆమె చెప్పిందట. వారం తిరక్కుండా పక్కింటి నాలుగేళ్ల పాప తన పేరు రాజు అనడం మొదలుపెట్టిందట. కాకి వాలగానే తాటిపండు రాలినట్టుందని నేను నవ్వాను. అక్క నవ్వలేదు. ఇలాంటి చోట్లకి వెళ్లాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు చాలామంది ఉంటారని, మాకు ఎదురైంది ఎదురైనట్టు రాస్తున్నాను.

అక్కాచెల్లెళ్లం ఇద్దరమే బయల్దేరాం. విజయనగరంలో సాయంత్రం హౌరా వైపు వెళ్లే బండి ఎక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్. స్లీపర్ టికెట్ నాలుగొందల చిల్లర, ఎండాకాలమైతే నెల ముందే తీసుకోవాలి. బరంపురం దాటాక అక్క అసలు మాట బయటపెట్టింది. ఆ పాప తనని గుర్తుపడితే ఈ పెళ్లి చేసుకోదట, మాస్టారికి కూడా అదే చెప్పి వచ్చిందట. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్ల పిల్ల వేలు ఎటు చూపిస్తే అటు నీ బతుకా అని అరిచాను, పై బెర్తులో ఆయన లేచి కూర్చున్నాడు. అక్క మెల్లగా చెప్పింది. బావ ఎర్ర బండి సంగతి, టీలో రొట్టె ముంచుకుని తినడం, ఇవన్నీ ఆ పాప చెబుతోందట. ఆయనకి బల్లి అంటే వణుకని తనకీ అత్తకీ తప్ప ఎవరికీ తెలియదు, అదీ చెప్పిందట. బల్లి సంగతి నాకే కొత్త. 'అత్తకీ' అన్న ముక్క మా ఇద్దరిలో ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

స్టేషన్ బయట టోటోలు, అంటే బ్యాటరీ ఆటోలు, వరసగా ఉంటాయి. అత్త ఉండే నిమ్‌పురాకి నలుగురితో కలిసి ఎక్కితే తలా ఇరవై, బండి మొత్తం మాట్లాడుకుంటే వంద అడుగుతారు. మా టోటో అతను హిందీలో బేరం మొదలుపెట్టి, మేము తెలుగులో గొణుక్కోవడం విని సగంలో భాష మార్చేశాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి రైల్వే వర్క్‌షాప్ పనికి వచ్చాడట. క్వార్టర్ల వెనక లైను అనగానే అద్దంలోంచి అక్క వైపు చూశాడు. "ఆ పాప కాడికేనామ్మా? నానూ ఓపాలి ఎల్నాను, మా అమ్మ ఏడ పుట్టిందో అడగడానికి. పాప నిద్దరోతందన్నారు. మళ్లీ ఎల్లబుద్ది కానేదు." ఎందుకని అడిగితే, ఒకవేళ చెబితే ఏం చెయ్యాలో తెలియక అన్నాడు. అక్క టోటో కమ్మీని అంత గట్టిగా పట్టుకోవడం అప్పుడే చూశాను.

అత్తది ఒకటే గది, ముందు చిన్న వరండా. వెనక రైల్వే యార్డులో గూడ్సు డబ్బాలు తగులుకున్నప్పుడల్లా గోడ అదురుతుంది, ఆవిడ మాత్రం పట్టించుకోదు. అంత్యక్రియలయ్యాక అక్కని చూడటం ఆవిడకి ఇదే మొదలు. నిశ్చయం రోజున మాస్టారి తల్లి పెట్టిన దగ్గర్నుంచీ అక్క మళ్లీ కుంకుమబొట్టు పెట్టుకుంటోంది. అత్త ఆ బొట్టు వంక చూసి, కళ్లు దించుకుని, టీ తాగండమ్మా అంది. తిట్టినా బాగుండేది. మేము టీ తాగుతుండగానే గుమ్మం నిండా ఆడవాళ్లు చేరారు. పాప వాళ్లమ్మ బిడ్డని చంకనేసుకుని వచ్చింది. ఆ అమ్మాయి ముఖంలో భయం నాకు స్పష్టంగా కనబడింది. కూతురు నిజంగానే ఇంకొకరి మొగుడని తేలితే ఇంట్లో ఏ వరసని పిలవాలి?

అక్కనీ నన్నూ చాప మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. ఎవరు ఎవరో చెప్పొద్దని అక్క ముందే అడిగింది. పెళ్లి ఫోటోలన్నీ విజయనగరంలోనే ఉన్నాయి కాబట్టి పాప అక్క ముఖం ఎప్పుడూ చూడలేదు. అత్త పాపని కిందికి దించి, తల నిమిరి, "నీ పెళ్లాం ఎవులో సూపించు, నానా" అంది. పాప అక్క ముందు నిలబడి చాలాసేపు చూసింది. అక్క కళ్లలో అప్పటికే నీళ్లు. తర్వాత పాప నా వైపు జరిగి, నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఈవిడే. ఈవిడికి బొట్టు నేదు."

నాకు పెళ్లే కాలేదు. బొట్టంటారా, కాలేజీ రోజుల నుంచీ అలవాటు లేదు, మా అమ్మ తిట్టీ తిట్టీ వదిలేసింది. అక్కే పాపని దగ్గరికి తీసుకుని, బొట్టు సంగతి ఎవరు చెప్పారమ్మా అని అడిగింది. పాప అత్తని చూపించింది. "మామ్మ సెప్పింది. బొట్టు నేకుండా వస్తాది, అదే నీ పెళ్లామని."

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. నేనూ నవ్వబోయాను, బరువు దిగిపోయిన నవ్వు. కానీ అత్త ముఖం చూసి ఆగిపోయాను. ఆవిడ మోసం చెయ్యలేదు. పాప తల్లి ఇళ్లలో పనికి వెళ్తే పాప పగలంతా ఈ గదిలోనే. అన్నం కలిపి పెడుతూ, కొడుకు కబుర్లు తప్ప ఆవిడ దగ్గర చెప్పడానికి ఇంకేముంది? ఎర్ర బండీ, రొట్టే, బల్లీ అన్నీ ముద్దతో పాటు పెట్టింది. పాప వాటిని తిరిగి చెబితే, కొడుకే మాట్లాడాడని మురిసిపోయింది. కోడలంటే ఆవిడ లెక్కలో ఇంకా బొట్టు లేని మనిషే. ఐదేళ్ల కింద చూసిన ముఖమే పాపకీ చెప్పింది.

"నాను నేర్పనేదమ్మా. కతలు సెప్పినాను, అంతే," అంది. అక్క వైపు తిరిగి, "మరైతే నా కొడుకేడే, సుజాతా?" అని అడిగింది.

అక్క వెళ్లి ఆవిడ పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ సాయంత్రం తిరుగు బండి టికెట్లు రద్దు చెయ్యమని నాకు సైగ చేసింది. మర్నాడు మేము బయల్దేరుతుంటే అత్త వరండాలోకి వచ్చి, మాస్టారికి ఏ కూర ఇష్టమో అడిగింది. అక్క తెలియదత్తా, కనుక్కుని ఫోన్ చేస్తాను అంది. ఆవిడ సరేనంది.

పునర్జన్మ ఉందో లేదో తేల్చే తెలివి నాకు లేదు. ఆ పూట నేను గెలిచాననుకున్నాను, తీరా చూస్తే అత్తకి కొడుకు రెండోసారి పోయాడు, నేను దగ్గరుండి చూశాను. పాప మర్నాడు కూడా అన్నం వేళకి వచ్చింది. అత్త కలిపి పెట్టింది గానీ, ఏ కథా చెప్పలేదు. మీరూ ఇలాంటి ఇంటికి వెళ్తుంటే ఒక్క సలహా: తిరుగు టికెట్ అదే రోజుకి తీసుకోకండి. బిడ్డ గుర్తుపట్టినా పట్టకపోయినా, ఆ ఇంట్లో ఒక మనిషి పక్కన ఆ రాత్రి ఎవరో ఒకరు పడుకోవాలి.