కర్జోక్ కాడ ఉడకని బువ్వ

మా ఇంటికి ఎవలొచ్చినా ముందుగాల గూట్లె ఉన్న గా సొట్ట కుక్కర్ దిక్కే చూస్తుండ్రు. "ఏంది యాదమ్మా, లడక్ దాంక పోయి గిదా తెచ్చుకున్నది?" అని నవ్వుతుండ్రు. చెప్త, చెప్త. ముందు చాయ్ తాగుండ్రి. నడుమల నవ్వకుండ్రి, పొలమారుతది.

మీకు ఎరుకే కద, మన ఆత్మకూర్ బడిల పిల్లలకు బువ్వ వండేది నేనే. పెద్ద గంజు, కట్టెల పొయ్యి. కుక్కరంటె నాకు చిన్నప్పటి సంది మంట. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తె తెలుస్తది, ఈల కొట్టి చెప్పుడేంది? అది వంటనా, బస్సు కండక్టరా!

మా తమ్ముడు శ్రీను లడక్ల రోడ్డు పనికాడ టిప్పర్ నడుపుతడు. పాలమూరోళ్లు పోని పనిజాగా ఉన్నదా దేశంల! ఒకనాడు ఫోన్ చేసిండు. "అక్కా, నువ్వూ బావా ఒక్కసారి వచ్చి పోండ్రి, టికెట్లు పంపుత. నాకేం వద్దు. నీ చేతి అన్నం, ముద్దపప్పు, మామిడికాయ తొక్కు. ఎన్నాళ్లాయెనో అక్కా, కలల్ల గూడ అదే వస్తున్నది" అన్నడు. నా పానం ఆగుతదా? ఆనాడే బియ్యం జల్లెడ పట్టిన.

మా మరదలు లత, అంటె శ్రీను పెండ్లామే, పక్కింట్లనే ఉంటది. బయల్దేరేనాడు చిన్న కుక్కర్ తెచ్చి నా సంచిల పెట్టింది. "వదినా, ఆడ ఇది లేంది నడవదట" అన్నది. నేను ఎమ్మటే తీసి గడపల పెట్టిన. "ఊరందరికి వండి పెట్టేదాన్ని, నాకు నేర్పుతవా?" అన్న. గా జాగల ఇంకింత సోనా బియ్యం పోసుకున్న.

విమానం దిగి లేహ్ల రెండు దినాలు పండుకొని ఉండుమన్నరు. పండుకున్నం. తర్వాత తమ్ముడు జీపుల కర్జోక్ తీస్కపోయిండు. తొవ్వల, ఘాటు మీద, నా సంచి ఉబ్బుడు షురువైంది! మురుకుల పాకెట్లు బెలూన్ల లెక్క అయినయి. తొక్కు పాకెట్ మా ఆయన ఒళ్ల ఉండె. టప్ మని పగిలింది. కొత్త తెల్లంగి మొత్తం ఎర్రగైంది. "గిదేందే!" అని ఆయన మొత్తుకునుడు.

"పైకి పోయినకొద్ది గాలి పల్చగైతది బావా, అందుకే పాకెట్లు ఉబ్బుతయి" అన్నడు తమ్ముడు. మళ్ల నా దిక్కు తిరిగి, "అక్కా, కుక్కర్ తెచ్చినవా?" అని మెల్లగ అడిగిండు. "నోరు ముయ్యి, నీ పెండ్లాం లెక్క మాట్లాడకు" అన్న. మూసుకున్నడు. చిన్నప్పటి సంది నా నోరంటె వానికి భయం.

ఇగ కర్జోక్ అచ్చింది. ఏం చెప్పాలె మీకు! ఒక్క చెట్టు లేదు. గుట్టలన్ని ఉత్త మన్ను, నెత్తిన మంచు. నడుమల చెరువు, గది నీళ్ల రంగా? నీలిమందు కలిపిండ్రా అన్నట్టు ఉన్నది. నేను నోరు తెరిచి నిలవడ్డ. సముద్రం కంటె పదిహేను వేల అడుగుల ఎత్తట. లోకంల మనుషులుండే బాగ ఎత్తైన ఊర్లల్ల ఇదొకటట. గంత పైన, గంత సలిల, పిల్లలు బడికి పోతున్నరు, ఆడోళ్లు బట్టలు ఉతుకుతున్నరు! నేను జీపు దిగి నాలుగు అడుగులేస్తె ఆయాసం. ఒక ముసలామె నీళ్ల డబ్బా ఎత్తుకొని గుట్టెక్కుకుంట పాట పాడుతున్నది. పాట! సిగ్గైంది నాకు.

"పెరూ అని ఓ దేశమున్నదట అక్కా, ఆడ బంగారు గనికాడ దీనికంటె గూడ ఎత్తుల ఊరున్నదట" అన్నడు తమ్ముడు.

"దీనికంటె ఎత్తులనా! వాళ్లు ఏం వండుకుంటర్రా?" అన్న. అప్పటికి నాకు తెల్వదు, అడగవలసిన మాట గదేనని.

పాట పాడిన గా ముసలామెనే డోల్మా అవ్వ. గొర్లు, మేకలు కాసే కుటుంబం, మన లెక్కనే. ఎండకాలం ఊరవతల డేరాల ఉంటరు. తమ్ముడు రోజు పనికి పోయెటప్పుడు ఆమె చేతి ఉప్పు చాయ్ తాగుతడట. "మా అక్క వస్తది, మీ అందరికి అన్నం వండి పెడ్తది" అని వాడు ఆమెకు ఎప్పుడో మాటిచ్చిండు. ఇగ చూడుండ్రి నా ఇజ్జత్ ఎంత పైకెక్కి కూసున్నదో!

తెల్లారి తమ్ముడు "పగటి బువ్వకు వస్త" అని టిప్పర్ మీద పోయిండు. నేను డేరాల ఇనుప పొయ్యి ముందల కూసున్న. మనం చేన్ల చల్లే మేక పెంటికలే ఆడ పొయ్యిల మంట! అవ్వ మూలకు చెయ్యి చూపిచ్చి ఏందో అన్నది. చూస్తె బుద్ధుని పటమున్నది. వంటకు ముందు మొక్కుమంటున్నదేమో అనుకొని దండం పెట్టిన. అవ్వ మళ్ల చూపిచ్చింది. మళ్ల పెట్టిన.

ఎసరు పెట్టిన. అబ్బబ్బ, జల్ది మసిలింది! "చూసినవా, ఈ నీళ్ల మహిమ" అన్న మా ఆయనతోని. బియ్యం పోసిన. ఇంకో గంజుల కందిపప్పు. కుతకుత ఉడుకుతనే ఉన్నది. మెతుకు పట్టి చూసిన, బియ్యమే. ఇంకింత సేపాయె, చూసిన, బియ్యమే. నీళ్లింకినయి, మళ్ల పోసిన. మళ్ల ఇంకినయి. పైన గంజి లెక్క అయ్యింది గని లోపట పలుకు పలుకే ఉన్నది. పప్పయితె పోసిన కాడికెళ్లి కదలనే లేదు.

ఆడలేనమ్మ మద్దెల మీద పడ్డట్టు, ముందు బియ్యాన్ని తిట్టిన. తర్వాత పొయ్యిని. ఇగ మా ఆయన మీద పడ్డ. "నీ... మంట... సరిగ..." గంతే! ఊపిరి ఆడది. ఒక్క తిట్టు గూడ ఒడువదు. నేను దమ్ము తీసుకునేలోపట ఆయన తాపీగ జవాబు చెప్తున్నడు. మా లగ్గమైన కాడికెళ్లి ఆయనకు గంత మంచి దినం రాలే.

బయట మేకల పాలు పిండే యాళ్లయింది. మేకలను ఎదురెదురుగ నిలవెట్టి, మెడకు మెడ చేర్చి ఒక్కటే తాడుతోని అల్లిండ్రు. ఒక్క మేక కదులుతలేదు! మా బాపు పుట్టిండు పెరిగిండు మేకలల్లనే, గని గీ ఉపాయం ఆయనకు ఎరుక లేకుండె. తాడిని తన్నేటోడుంటె వాని తలదన్నేటోడుంటడు అంటె గిదే. లోపట గంజు, బయట మేకలు, నేను నడుమల ఎటు చూసినా తెల్లబోవుడే.

తమ్ముడొచ్చిండు. చేతులు కడుక్కొని, పళ్లెం ముందట పెట్టుకొని, చిన్న పిల్లగాని లెక్క కూసున్నడు. ఇంకొక గంటల మళ్ల పనికి పోవాలె. నేను ఏమని పెట్టాలె? గంత దూరంకెళ్లి వచ్చి, కడుపుకు బువ్వ పెట్టలేకపోతినని నాకు దుఃఖమాగలే. కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్సిన.

అప్పుడు డోల్మా అవ్వ లేచింది. బుద్ధుని పటం కింద కప్పిన బట్ట తీసింది. తీస్తె ఏమున్నది, కుక్కర్! నేను పొద్దుగాల రెండుసార్లు దండం పెట్టింది దానికే! నా అన్నం, నా పప్పు రెండు అండ్లనే కుమ్మరిచ్చింది, మూత బిగిచ్చింది. "గాలి పల్చనైతె నీళ్లు తక్కువ కాకకే మసులుతయక్కా, మూత బిగిస్తెనే బువ్వ ఉడుకుతది" అన్నడు తమ్ముడు. కుక్కర్ ఈలేసింది. ఇంకోటేసింది. బయట మేకలు తల గూడ ఎత్తలే, వాటికి రోజు అలవాటే గద.

మూత తీస్తె అంత కలిసి జావైంది. అన్నమేదో పప్పేదో దేవునికే ఎరుక. తమ్ముడు పగిలిన పాకెట్ల మిగిలిన తొక్కు గీకి కలుపుకొని, కండ్లు మూసుకొని తిన్నడు. "గిదే అక్కా, గిదే" అన్నడు. అవ్వ రెండుసార్లు పెట్టిచ్చుకున్నది. నా పానం కుదుటపడ్డది.

తిన్నంక అవ్వ నా చెయ్యి పట్టుకొని, వచ్చీ రాని హిందీల అడిగింది. "బిడ్డా, మీ కింది ఊర్లల్ల ఇంక కుక్కర్లు రాలేదా?"

తమ్ముడు నవ్వాపుకోలేక బయటికి ఉరికిండు. నేను చెప్పాల్నని నోరు తెరుస్తె ఊపిరి లేదు. గింతల మా ఆయన, మొఖం మస్తు దీనంగ పెట్టి, "నహీ అమ్మా... అభీ నహీ ఆయా" అన్నడు, ఇంక రాలేదట!

"అయ్యో పాపం" అనుకున్నది అవ్వ. ఆమెకు ఇంకొక చిన్న కుక్కర్ ఉండె, సొట్టది. దాన్ని తుడిచి, తెల్ల కండువ చుట్టి, నా చేతులల్ల పెట్టింది. వద్దన్న, ఇంటదా? మనసునిండ ఇచ్చింది తల్లి. దాన్ని ఒళ్ల పెట్టుకొని, విమానాలు మారుకుంట ఆత్మకూర్ దాంక మోస్కొచ్చిన.

ఇంట్ల సంచి ఇప్పింది లతనే. కండువ తీసి, కుక్కర్ చూసింది. నన్ను చూసింది. నేను గడపల ఇడిచిపెట్టిన తన కుక్కర్ తెచ్చి దాని పక్కన పెట్టింది.

"వదినా, ఇయ్యాల అన్నం మీ దాండ్ల పెట్టాల్నా, మా దాండ్ల పెట్టాల్నా?" అన్నది.

ఈడ గాలి ఎంత కావాలంటె గంత ఉన్నది. అయినా నాకు మాట రాలే.