కొర్రమట్ట కోసం గట్టంతా ఊరుకున్న రోజు

మొన్న చెవుల డాక్టరు నన్నొక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, నెత్తికి పట్టీలాంటిదేదో తగిలించి, కూత వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. నేను బుద్ధిమంతుడిలా చాలాసేపు కూర్చున్నాను గాని, ఆ కూత ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ఆ దేవుడికే తెలియాలి. జీవితమంతా సూరత్‌లో సాంచెల మధ్య, అంటే కరెంటు మగ్గాల మధ్య, బతికినవాడి చెవులు ఇంతకంటే ఏం బాగుంటాయి? అయితే చెయ్యెత్తడానికి సిద్ధంగా అలా కూర్చున్నప్పుడు నాకు సూరత్ శివార్లలో డిండోలి అవతలి చెరువు, అక్కడ గట్టుమీద లేచిన చేతులు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరు నాకు చెవిపోటు లేచిందనుకుని కంగారుపడ్డాడు.

మా సాంచెలవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆ చప్పుడులో పక్కవాడికి వినబడాలంటే అరవాలి, అరిచినా వినబడకపోతే చేతులతో చెప్పాలి. పిడికిలి పైకెత్తితే మోటారు ఆపమని, రెండు వేళ్లు తిప్పితే పోగు తెగిందని, చెయ్యి నిటారుగా ఎత్తితే ఇటు చూడమని అర్థం. ఒడియావాడైనా, యూపీవాడైనా, మా కరీంనగరం వైపువాడైనా కార్ఖానాలో అందరికీ వచ్చిన భాష అదొక్కటే. ఇంటికొచ్చాక కూడా ఆ అరుపు గొంతు దిగేది కాదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో నేను ఉప్పు అడిగినా తిడుతున్నాననుకుని మా ఆవిడ మూల కూర్చుని ఏడ్చేదట.

అటువంటి మాకు కరోనా మహమ్మారి వచ్చిన ఏడాది సాంచెలు ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఆ నిశ్శబ్దంలో నిద్ర కూడా పట్టలేదు. దొరికిన బండెక్కి సగంమంది ఊళ్లకు పోయారు. మిగిలినవాళ్లం, పోలీసుల కర్రలు కాస్త నెమ్మదించాక, గాలాలు పట్టుకుని ఆ చెరువు గట్టున చేరాం. మార్కెట్ మూతపడింది, కూరకు వేరే దారి లేదు. ఎండాకాలం, నీళ్లు నడిమికి గుంజుకున్నాయి. ఉన్న కాసిన్ని నీళ్లలో ఇన్ని గాలాలు పడితే చేపలు మాత్రం ఏం చేస్తాయి? చిన్నవి మొదటి వారాల్లోనే అయిపోయాయి. మిగిలిన ముదురు చేపలు ఎర్రల వాసన, పిండిముద్దల రంగు, మా చెప్పుల చప్పుడు అన్నీ కనిపెట్టేసి గాలం దరిదాపులకు కూడా రావడం మానేశాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడకు జ్వరం తగిలింది. జ్వరమైతే తగ్గింది గాని, నాలుకకు రుచి, ముక్కుకు వాసన పోయి తిండి పూర్తిగా మానేసింది. "అన్నం మన్ను లెక్క ఉంది, నాకొద్దయ్యా," అనేది. గంజి పోసినా గుటక వేసేది కాదు. చేతి గాజులు మోచేతిదాకా జారిపోతుంటే చూడలేక నేను బయటికి వెళ్లి కూర్చునేవాణ్ని. ఇంకా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చక తప్పదని ఫోనులో డాక్టరు చెప్పాడు. అప్పట్లో ఆసుపత్రికి పోయినవాళ్లను మళ్లీ చూస్తామన్న నమ్మకం ఎవరికుంది? బతిమాలి బతిమాలి ఏం తింటావని అడిగితే, గోడవైపు తిరిగి పడుకునే, కొర్రమట్ట పులుసైతే జర తింటానేమో అంది.

ఆ చెరువులో ఒక పెద్ద కొర్రమట్ట, అదే కొరమీను, ఉన్న సంగతి గట్టుమీద అందరికీ తెలుసు. కొర్రమట్టకు ఊపిరి కావాలంటే పైకి రాక తప్పదు కదా, సాయంత్రం పూట తుమ్మచెట్టు కింద నీళ్లలో ఒక్కసారి నల్లటి మూతి పైకెత్తి గుటక వేసేది. అది కనబడటమే ఆలస్యం, గట్టంతా "అగో! అగో!" అని ఒకటే లొల్లి, ఎవరి భాషలో వాళ్లం, కార్ఖానా గొంతులతో. అది బుడుంగున మునిగేది. చేపలకు తెలివి మీరిందని తిట్టుకునేవాళ్లమే తప్ప, మా నోళ్ల సంగతి మాకు తోచలేదు. చివరికి మా బావమరిది, వాడిదీ సాంచెల గొంతే, నా చెవిలో అరిచినంత పని చేసి చెప్పాడు: "బావా, గీ లొల్లికి చేపే గాదు, మొసలి గిట్ల ఉన్నా పారిపోతది!"

ఆ మర్నాడు వాడే నాకు చెప్పకుండా గట్టంతా తిరిగి, అక్కకు ఇట్లా ఉందని అందరికీ చెప్పివచ్చాడు. తుమ్మచెట్టు కింద జాగా ఒక ఒడియా పెద్దాయనది. పొద్దున్నే వచ్చి పట్టుకునే ఆ నీడను ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆ సాయంత్రం నన్ను చూడగానే లేచి, తన గోనెసంచి దులిపి పరిచి, "బైఠో భాయ్," అన్నాడు. తరువాత గట్టువైపు తిరిగి పిడికిలి పైకెత్తాడు. మోటారు ఆపమని. అంతే, గట్టంతా నోరు మూసుకుంది. వాళ్ల ఇళ్లలోనూ ఆకలే, వాళ్ల గాలాలకూ ఆ చేపే కావాలి. అయినా ఒక్కొక్కరే గాలాలు పైకి లాగేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నేను గాలానికి చిన్న కప్పను గుచ్చి నీళ్లమీద ఆడిస్తున్నాను. ఎంతసేపు గడిచిందో ఏమో, అవతలి గట్టున ఒక చెయ్యి నిటారుగా లేచింది. దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి, చూస్తుండగానే గట్టు పొడుగునా చేతులే. నేను తలెత్తగానే అందరూ వేళ్లతో నా కుడివైపు చూపించారు, ఒక్కడి గొంతూ పెగల్లేదు. కప్పను మెల్లగా అటు జరిపాను. నీళ్లు భళ్లుమన్నాయి, కర్ర వంగిపోయింది. బావమరిది మొలలోతు నీళ్లలోకి దూకి దాన్ని వాటేసుకుని ఒడ్డున పడేశాడు. అప్పటికీ ఎవరూ మాట్లాడలేదు. ఒడియా పెద్దాయన ముందుగా ఫక్కున నవ్వాడు, ఆపైన లేచిన అరుపులకు అవతలి పాండేసర పేటలో కాకులు కూడా లేచిపోయి ఉంటాయి.

మా ఇంటి ఓనరమ్మ గుజరాతీ మనిషి, చేప వాసన గిట్టదు, మమ్మల్ని గదిలో పెట్టుకునేటప్పుడే నీసు వండొద్దని చెప్పింది. ఆ రోజు భయపడుతూ అడిగితే, పై కిటికీ మూసుకుంది, కాసేపటికి మెట్లమీద రెండు పచ్చి మామిడికాయలు కనబడ్డాయి. ఆ కాయలు వేసి పులుసు నేనే వండాను. మా ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఊరికే నమిలింది. రెండో ముద్దకు ముఖం చిట్లించింది.

"ఏందయ్యా, గిట్ల సప్పగ చేసినవ్? ఉప్పేసినవా లేదా?"

వెయ్యలేదు, కంగారులో మరిచిపోయాను. అది ఆవిడ నాలుకకు తెలిసింది! పెళ్లయినప్పటినుంచి నేను తిన్న తిట్లలో అంత తియ్యటిది ఇంకొకటి లేదు.

ఇప్పుడా చెరువు చుట్టూ కంచె వేసి, నడిచేవాళ్లకు బాట వేశారు, గాలం వెయ్యనివ్వరు. కార్ఖానాల్లో పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు, మా చేతుల భాష వాళ్లకు రాదు. ఒడియా పెద్దాయన రైళ్లు మొదలవగానే ఊరికి పోయాడు, మళ్లీ రాలేదు. ఆయన పేరైనా అడగలేదు నేను. ఎక్కడున్నా ఆయన కడుపు చల్లగుండాలి. అరుపులు తప్ప ఏమీ ఎరుగని ఆ మనుషులు నా ఇంటి దీపం కోసం ఒక సాయంత్రమంతా నోరు కట్టుకున్నారే, ఆ రుణం ఎట్లా తీరుతుంది? చెవుల మిషను కొనుక్కోమని డాక్టరు చెప్పాడు గాని, నాకు తొందరేమీ లేదు. మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే, మా ఆవిడ వంటింటి గడపలోంచి వేళ్లు నలిపి చూపించి, ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది. వినబడిందన్నట్టు నేను చెయ్యెత్తుతాను.