మా వదిన నవ్వలేదు

పోయిన నెల ఒక శనివారం పొద్దున కోరుట్లలో మా వదిన పోయింది. నేను సిరిసిల్లలో ఉంటాను. ఆమె కొడుకు ఫోన్ చేసి, "కాకా, అమ్మ పోయింది, బయలెల్లు" అన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటుండగానే ఇంకో ఫోన్ వచ్చింది. ఒకప్పుడు నా పాటలకు డోలక్ వాయించిన జగిత్యాల మనిషి. "మన పాటల వచ్చే వదినె ఆమెనే గద? మంచి పాట" అని పెట్టేశాడు. మనిషి పోతే పరామర్శకు చేసినవాడు పాటను మెచ్చుకున్నాడు.

ఆ పాట రాసింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు. అక్షరాలు తప్పు పోతే అచ్చు వేసేవాళ్ళు దిద్దుకోవచ్చు, మాటలు మాత్రం మార్చవద్దని ముందే చెప్పాను.

వదిన మా ఇంటికి వచ్చేనాటికి నాకు పన్నెండేళ్ళు. రెండో తరగతిలోనే బడి మానేసి బర్రెల వెంట తిరిగేవాణ్ణి. మా అమ్మ అప్పటికే లేదు. వదిన ఏడో తరగతి దాకా చదివింది. మా వాడలో అంత చదివిన ఆడమనిషి ఇంకొకరు లేరు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒళ్లో చాట పెట్టుకుని, కాళ్ళు చాపి బీడీలు చుట్టడానికి కూర్చునేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి బొగ్గుతో నేల మీద అక్షరాలు రాయించేది. రెండు చేతులకూ పని ఉండేది కాబట్టి తప్పును కాలి బొటనవేలితో చూపించేది. నేను తప్పు తెలియకుండా చిన్నచిన్నగా రాస్తే ఊరుకునేది కాదు. "పెద్దగ రాయి. చిన్నగ రాస్తె తప్పు దాసినట్టుంటది" అనేది. ఇప్పటికీ నా అక్షరాలు గుమ్మడికాయలంత ఉంటాయి. ఈ కాగితాలు చూసినవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

ఆమె పద్ధతులు ఆమెకుండేవి. తడిపిన తునికాకును తడిగుడ్డలో చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు గోడ పక్కన పెట్టేది. చాయ్‌ని గ్లాసులోంచి గ్లాసులోకి ఏడెనిమిదిసార్లు పోసి చల్లార్చి, ఒక్క గుక్కలో తాగేది. ఎవరింటికి పోయినా వాకిలికి వీపు పెట్టి కూర్చునేది కాదు. ఎందుకని అడిగితే, "ఎవలొస్తున్నరో సూసుకోవద్దా" అనేది. అది మా అన్న వల్ల వచ్చిన అలవాటని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కలిసి బీడీలు చుట్టేవారు. వాళ్ళలో రాయికల్ నుంచి వచ్చి మా పక్కింట్లో కిరాయికి ఉన్న ముస్లిం ఆవిడ ఒకరు. వాడంతా ఆమెను ఖాలా అనేది. మా వదినకు ప్రాణం ఆమె. పాట నడిస్తేనే చెయ్యి నడుస్తుందని వాళ్ళ లెక్క. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. అందరూ పాడేవి కాక, మా వదిన సొంతంగా కట్టుకున్న పాట ఒకటి ఉండేది. బాణీ కూడా ఆమెదే. అందులో అవ్వ వచ్చేది, వాగు వచ్చేది, వాగు దాటి తల్లిగారింటికి పోలేని ఒక పిల్ల వచ్చేది. ఎత్తుగడ కిందుగా మొదలై, మూడో వరుసలో ఒక్కసారి పైకి లేచేది. అక్కడ నలుగురూ చేతులాపి పాడేవారు. నేను బొగ్గు పట్టుకుని వినేవాణ్ణి.

మా అన్న మంచోడు అని ఊళ్ళో పేరు. ఇంట్లో కొట్టేవాడు. ఒకరోజు బెండకాయ కూరలో ఉప్పు ఎక్కువైంది. తింటూ తింటూ లేచి చెంప మీద కొట్టాడు. ఆమె చేతిలోని గిన్నె జారి గడప దాకా దొర్లింది. వదిన గోడవైపు తిరిగి చాట ఒళ్లోకి లాక్కుంది. నేను పక్కనే ఉన్నాను. నా ముద్ద నేను తిన్నాను.

తర్వాత నేను సిరిసిల్ల పోయి సాంచాల మీద పనికి కుదిరాను. ఆ మగ్గాల చప్పుడును మించి వినపడేంత గొంతు నాది. క్యాసెట్లు బాగా నడిచే రోజులు. జగిత్యాలలో క్యాసెట్లు చేసే ఒకతను నా గొంతు విని, వదినా మరిదీ మీద పాట కావాలన్నాడు, జనం పడీపడీ నవ్వాలన్నాడు. నేను ఒక్క రోజులో రాసిచ్చాను. వదిన నేర్పిన అక్షరాలతో, వదిన కట్టిన బాణీ మీద, వదిన గురించే రాశాను. అందులో రెండు వరుసలు ఇవి:

ఉప్పెక్కువైతె ఒక్క దెబ్బ, ఉడకకపోతె రెండు దెబ్బలు
మొగడు కొడితె మొగ్గ విచ్చినట్టు నవ్వె నా నల్లవదినె

కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక గదిలో పాడించారు. నెల తిరక్కుండానే వేములవాడ బస్టాండులో ప్రతి దుకాణంలో అదే పాట. పెళ్ళిళ్ళలో అదే, ఆటోల్లో అదే. నేను కనపడితే చాయ్ తాగించి పాడించుకునేవారు. గర్వపడ్డాను. చాలా ఏళ్ళు గర్వపడ్డాను. ఇప్పుడు లేదని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, ఎందుకంటే అది పోయింది మొన్న మొన్ననే.

కోరుట్లలో మా వదిన పేరే పోయింది. అంగట్లో కూరగాయలామె నల్లవదినె అంది, బస్సు కండక్టరు నల్లవదినె అన్నాడు. నల్లా దగ్గర బిందె పెట్టిన ఆడవాళ్ళు కూడా ఇవాళ ఉప్పు సరిపోయిందా అని అడిగేవారట.

పాట బాగా నడుస్తున్న రోజుల్లో ఒకసారి వాళ్ళింటికి పోయాను. వదిన చెంబుతో నీళ్ళిచ్చి నిలబడింది.

"మీ అన్న కొట్టుడు నాకు కొత్త గాదు. ఇప్పుడు కొట్టి, నవ్వు అంటున్నడు. నవ్వేదాక ఇడుస్తలేడు. గది నీ పాట."

పాట పాటే వదినా, ఎవరన్నా నిజమనుకుంటారా అన్నాను. ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ అరుగు మీద ఆమె తన పాట పాడగా నేను వినలేదు. ఖాలా కూడా పాడలేదు. రేడియో పెట్టుకుని చుట్టేవారు. ఎప్పటినుంచి మానేశారని నేను అడగలేదు. నా పాట నాకు వినపడుతుండగా ఆమె పాట ఆగిన సంగతి నాకెందుకు తెలుస్తుంది?

ఇంత చేసినా ఆమె నాకు పెట్టడం మానలేదు. నా భార్యకు టైఫాయిడ్ వచ్చినప్పుడు, పిలవకపోయినా సిరిసిల్ల వచ్చి ఇరవై రోజులుంది. వండింది, బట్టలుతికింది, రోగం మనిషికి తల దువ్వింది. ఎదురింటి వాళ్ళ టేపులో ఆ పాట వస్తుంటే లేచి కిటికీ వేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మా అన్న పోయి చాలా ఏళ్ళయింది. పాట మాత్రం చావలేదు. రెండేళ్ళ కింద వదిన పెద్ద మనవరాలి పెళ్ళి మల్లాపూర్‌లో జరిగింది. డీజే పెట్టారు. మనిషెత్తు డబ్బాలు. ఆ పాటనే కొత్తగా దడదడలాడించి తెచ్చారు, గొంతు మాత్రం నాదే. పోరగాళ్ళు ఒకడు కొట్టినట్టు, ఒకడు కొంగు కప్పుకుని నవ్వినట్టు ఎగురుతున్నారు. నేను కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. డిగ్రీ చదివే చిన్న మనవరాలు వచ్చి పక్కన నిలబడింది.

"తాతా, గీ పాట నువ్వే రాసినవట?"

అవునన్నాను.

"ఇప్పుడు గిట్ల రాస్తె నిన్ను ఎవలూ మనిషిలెక్క సూడరు."

నాకు కోపం వచ్చింది. ఆ కాలం అట్లుండె, ఆ కాలంలో అందరికీ నచ్చింది, ఇప్పటి కళ్ళతో చూస్తే ఎట్లా అని గట్టిగానే అన్నాను. పాతబడితే పాటకు తప్పులు పడతాయన్నాను. వదిన అక్కడే చాప మీద కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతోంది. తలెత్తకుండానే అంది:

"గా కాలంల నేను గూడ ఉన్న. నాకు గప్పుడు గూడ నచ్చలె."

ఫలానా పాట అప్పట్లో బాగుండేది, ఇప్పుడు బాగాలేదు అని ఎవరైనా అంటే నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది. నా పాట ముసలిదై చెడిపోలేదు. పుట్టిన రోజే చెడ్డది. అడగాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు, అంతే.

ఆ రోజు భోజనాల బంతి లేచాక వదిన నన్ను పక్కకు పిలిచింది. జీవితంలో నన్ను ఒక్కటే అడిగింది.

"నవ్విందని మైకుల చెప్పినవ్. నవ్వలేదని గూడ ఒక్కసారి మైకుల చెప్పు. ఇయ్యాల మనోళ్ళంత ఉన్నరు."

మైకు పది అడుగుల దూరంలో ఉంది. ఇంతమందిలో నా మొఖం ఏం కావాలె వదినా అన్నాను. "సరే. నువ్వింక తినలేదు, పోయి తిను" అంది. పోయి తిన్నాను. అప్పుడు కూడా తిన్నాను.

ఇక పోయిన నెల ఆ శనివారం. నేను కోరుట్ల చేరేసరికి పాడె లేచింది. పండుటాకులాంటి మనిషని బ్యాండు పెట్టారు. సందు మలుపు దగ్గరే వినపడింది. బూరల మీద అదే పాట. ముందు నలుగురు పోరగాళ్ళు ఎగురుతున్నారు, కొట్టినట్టు ఒకడు, నవ్వినట్టు ఒకడు. ఎవరూ ఎగతాళికి చేయడంలేదు. ఆమె కొడుకే ప్రేమకొద్దీ, మా అమ్మ పాట కొట్టండని బ్యాండువాళ్ళకు చెప్పాడట. వాడి మట్టుకు అది తల్లి పాటే. పుట్టినప్పటినుంచీ విన్నది అదే.

నేను పోయి బూర మూతికి చెయ్యి అడ్డం పెట్టాను. ఒక్కొక్క వాయిద్యం ఆగింది. పాడె మోసేవాళ్ళు ఆగారు.

"ఏందే కాకా, అమ్మ పాటనే గద" అన్నాడు కొడుకు.

"మీ అమ్మ నవ్వలేదురా" అన్నాను. మైకు లేకపోయినా నా గొంతు ఇంకా అంతే పెద్దది. అందరికీ వినపడేటట్టు చెప్పాను. నేను చూశాను, ఆమె నవ్వలేదు, నవ్వినట్టు నేను అబద్ధం రాశాను, అన్నాను. ఇన్నేళ్ళు దాచిన మాట కదా, నేల చీలుతుందనుకున్నాను. ఎవరో నా భుజం పట్టుకుని ముసలాయనకు దుఃఖం ఎక్కువైందన్నారు. ఒక అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. ఆమె వినవలసిన మాట ఆమె పోయాక చెప్తే అది ఏడుపు కిందే జమ.

చిన్న మనవరాలు మాత్రం వచ్చి నా ముందు కూర్చుంది. "నానమ్మ సొంత పాట ఒకటి ఉండేదట గద తాతా. గీ బాణీ దానిదేనట. మాటలు చెప్పు, నేను పాడుత" అంది.

నోరు తెరిచాను. ఉప్పు వచ్చింది. దెబ్బ వచ్చింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. అవ్వ అనే మాట దగ్గర నా మాటే వచ్చి కూర్చుంది. వాగు దగ్గర కూడా అంతే. చిన్నప్పుడు నేల మీద బొగ్గుతో రాస్తూ వందసార్లు విన్న పాటలో ఒక్క వరుస నాకు మిగల్లేదు. నా పాట ఆమెది తుడిచేసి రాసిందని అప్పుడు తెలిసింది. పిల్ల లేచిపోయింది. వట్టి డప్పుల మీద మా వదిన వెళ్ళిపోయింది.

దినాలయ్యాక రాయికల్ పోయాను. అరుగు మీది నలుగురిలో ఇప్పుడు ఖాలా ఒక్కతే ఉంది. అక్కడే కొడుకు దగ్గర ఉంటోంది. మంచం దిగి నడవలేదు కానీ మతి బాగానే ఉంది. వదిన పోయిన సంగతి ఆమెకు తెలుసు. నేను మంచం పక్కన కూర్చుని, ఆ పాట మాటలు కావాలి ఖాలా, రాసుకుంటాను, మనవరాలు పాడుతుంది అన్నాను. కాగితం, పెన్ను బయటికి తీశాను. ఆమె వాటివైపు చూసింది.

"నాకు మొత్తం యాదికున్నది తమ్మీ. నీకు జెప్ప."

పిల్ల కోసం అన్నాను.

"పిల్లను రమ్మను. పిల్లకు జెప్త. నీకు ఒకపారి దొరికింది గద, ఏంజేసినవ్?"

పెన్ను జేబులో పెట్టుకున్నాను. ఖాలా నన్ను మరిచిపోయినట్టు గోడవైపు తిరిగి కూని రాగం తీసింది. కిందుగా మొదలైంది. మూడో వరుస దగ్గర గొంతు పైకి లేవబోయి వణికింది. అప్పుడు ఆమె కొంగు తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పలుచటి గుడ్డ కింద పెదాలు ఒక్కొక్క మాటా పలుకుతూ కదులుతున్నాయి. నాకేమీ వినపడలేదు.